పిన్ని చదివిన చేయి

రెండువేల డెబ్భై తొమ్మిది, మాఘమాసం. కాకినాడ సముద్రపు గోడను ఆనుకుని ఉన్న కల్యాణ మండపంలో బంతి భోజనాలు జోరుగా సాగుతున్నాయి. పెళ్లిళ్లు మారిపోయాయి, పెళ్లిచీరలు మారిపోయాయి, సముద్రమైతే ఏకంగా ఊళ్లోకి వచ్చేస్తానని బెదిరించి తనకో గోడ కట్టించుకుంది. మారనిదల్లా విస్తరి ముందు కూర్చున్న మనిషి మొహమాటం ఒక్కటే. రెండో బూరె మీద ప్రాణాలన్నీ పెట్టుకుని కూడా, వడ్డించేవారు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టి "అబ్బే, వద్దు వద్దు" అనకపోతే మనవాళ్లకు తిన్నట్టే ఉండదు.

ఆరోజు బూరెలు వడ్డిస్తున్నది మనిషి కాదు, యంత్రం. కింద చక్రాలు, పైన నడుమంత ఎత్తు స్తంభం, మెత్తటి తొడుగు వేసిన రెండు చేతులు, మొహం ఉండాల్సిన చోట రెండు కెమెరాలు. కాగితాల్లో దాని పేరు బారెడుంటుంది. జనం మాత్రం పిన్ని అని పిలుస్తారు, ఎందుకంటే పెళ్లిలో కొసరి కొసరి వడ్డించే చుట్టం ఎవరింట్లోనైనా ఓ పిన్నే అయి ఉంటుంది కాబట్టి.

పిన్ని పెళ్లికొడుకు మేనమామ ముందు ఆగింది. ఆయన ఠక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. అరచెయ్యి ఆకుకు జానెడు పైన ఉంది, వేళ్ల మధ్య సందులున్నాయి. పిన్ని ఆ పక్కనుంచి బూరె జార్చింది. "అయ్యయ్యో, వద్దంటే వినదేంటండీ ఇది!" అంటూనే ఆయన బూరెకు వేలితో చిల్లు పెట్టి నేతిగిన్నె కోసం వెతుక్కున్నాడు. పక్కాయన కూడా అదే మాట అన్నాడు, కానీ చెయ్యి ఆకుకు ఆనించి మోచెయ్యి బిగించాడు. పిన్ని మారుమాట లేకుండా ముందుకెళ్లిపోయింది. "నాకు నిజంగానే కడుపు నిండిందని దీనికెలా తెలిసిందండీ బాబూ!" అని ఆయన ఆశ్చర్యపోయాడు.

బంతి చివర కూర్చుని ఈ తమాషా అంతా చూస్తున్న నలభై ఏళ్ల ఆవిడ కౌముది. పిన్నిని తయారుచేసింది ఆమే. పక్కన కూర్చుని పులిహోరను దీక్షగా ఖాళీ చేస్తున్న బెన్హర్ ఆమె ల్యాబ్‌లో సహచరుడు, అమలాపురం మనిషి.

ఇందులో మాయ ఏమీ లేదు. గ్లాసు అందుకునే చేతిని చూడండి. నీళ్లు తాగడానికి వచ్చే చేయి ఒకలా వస్తుంది, కడగడానికి తీసే చేయి ఇంకోలా వస్తుంది. గ్లాసును తాకకముందే, వేళ్లు తెరుచుకునే తీరులోనే తేడా కనిపిస్తుంది. ఆ తేడా చూడటం మనకెవరూ నేర్పలేదు. ఎదుటివాడి చేయి కదిలితే, అదే పని మనం చేసేటప్పుడు మేలుకునే నాడీకణాల్లో కొన్ని మన మెదడులోనూ మేలుకుంటాయి. పాతతరం శాస్త్రజ్ఞులు వాటిని మిర్రర్ న్యూరాన్లన్నారు, కౌముది అద్దపు కణాలంటుంది. మొత్తం బరువు అవే మోస్తాయని కాదు, మెదడులో మిగతా భాగాలూ తలో చెయ్యి వేస్తాయి. కానీ జరిగేది స్థూలంగా ఇదే. ఎదుటివాడి కదలికను మనలో మనం ఓసారి ఉత్తుత్తిగా ఆడి చూసుకుంటాం, నేనే ఇలా కదిలితే ఎందుకు కదులుతాను అని మాటల్లేకుండా అడుగుతాం, జవాబు తెలిసిపోతుంది. కౌముది ఆ ఆటను యంత్రంలో పెట్టింది. పిన్ని చూసిన ప్రతి కదలికనూ లోపల తన చేతులతో చేసి చూసుకుంటుంది, దాన్నిబట్టి మనిషి ఉద్దేశం చెబుతుంది. ఆ భాగం పేరు ఆంతర్య గ్రాహకం, ల్యాబ్ భాషలో ఇంటెన్షన్ డీకోడర్.

పెళ్లిళ్లు పిన్నికి బడి మాత్రమే. కౌముది అసలు గురి ఆసుపత్రులు. మాట పడిపోయినవాళ్లు, చెయ్యెత్తలేనివాళ్లు ఎప్పుడు ముద్ద కావాలంటున్నారో, ఎప్పుడు చాలంటున్నారో చూసి తెలుసుకుని తినిపించే యంత్రం కావాలి. నర్సులు చాలని కాలమది. రాష్ట్రంలో చాలా ఆసుపత్రుల్లో పిన్నులు దిగాయి, రోగులు తింటున్నారు, అందరూ మెచ్చుకుంటున్నారు. ఒక్క రోగి మాత్రం ససేమిరా నోరు తెరవడం లేదు. ఆ రోగి కౌముది సొంత అక్క రుద్రాణి.

బూరె సగం తినేసరికి కౌముది చెవిలోని ఫోను మోగింది. పునరావాస ఆసుపత్రి నుంచి డాక్టర్ నజీమా.

"కౌముదిగారూ, శుక్రవారం ఉదయం ఆపరేషన్ పెట్టుకుందామండి. ముక్కుగొట్టంతో ఇంక లాగలేం, లోపల పుండ్లు పడుతున్నాయి. పొట్టకు గొట్టం వేసేసి దీర్ఘకాలిక వార్డుకు పంపించేస్తాం."

"అక్క మింగగలదు కదండీ!"

"మింగగలరు. నోరు తెరవట్లేదు. వాడకపోతే ఆ మింగే శక్తి కూడా పోతుంది. ఆ వార్డుకెళ్లినవాళ్లు మళ్లీ నోటితో తినడం నేను పెద్దగా చూళ్లేదు. మీకు దాచి ఏం లాభం?"

"శుక్రవారంలోపల తింటుంది. నేను తినిపిస్తాను."

"పోయిన నెలా ఇదే అన్నారు."

"ఈసారీ అంటున్నాను" అని కౌముది లేచి నిలబడింది. బంతి మధ్యలో లేవడమేమిటని ఎదుటి వరస పెద్దావిడ నోరు నొక్కుకుంది. కౌముది అదేమీ పట్టించుకోకుండా ఎంగిలి చెయ్యి కడుక్కుని పిన్నిని వెంటబెట్టుకుని బయటికి నడిచింది. బెన్హర్ పులిహోర వంక బెంగగా చూసి తనూ లేచాడు.

రుద్రాణి కౌముదికన్నా చాలా పెద్దది, దాదాపు పెంచింది. ఒకప్పుడు జాతీయ కబడ్డీ జట్టులో కుడిమూల కాపలా ఆమెదే. కూతకొచ్చిన అమ్మాయి ఎటు తిరుగుతుందో ఆ అమ్మాయికన్నా ముందు రుద్రాణికి తెలిసేది. "వచ్చేటప్పుడు పట్టుకోకూడదే పిచ్చిమొహమా, ఇంక పోదాం అని మనసులో అనుకుంటుంది చూడు, అప్పుడు మడమ దొరుకుతుంది" అని చెల్లెలికి చెప్పేది. తన మ్యాచ్ ఫీజులతోనే చెల్లెల్ని చదివించింది. అలాంటి మనిషికి మెదడు కాండంలో సన్నటి రక్తనాళం ఒకటి పూడుకుపోయి, ఒళ్లంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కళ్లు, పెదవులు, దవడ, కుడిచేతి వేళ్లు కాస్త కదులుతాయి. మెదడులోంచి మాటలు లాగే యంత్రాలు లేకపోలేదు, కానీ వాటికి పుర్రె తెరవాలి, ఆమె రక్తనాళాలు తట్టుకోవన్నారు. కాబట్టి రెప్ప ఒకసారి వాలిస్తే అవును, రెండుసార్లు వాలిస్తే కాదు. "ఎందుకు తినట్లేదే?" అని అడిగితే మాత్రం రెప్ప గట్టిగా మూసేసుకుంటుంది. అది అవునూ కాదు, కాదూ కాదు.

మొదట్లో తినకపోవడమేమీ లేదు. మింగడం తిరిగొచ్చిన కొత్తల్లో కౌముదే రోజూ పొద్దున వచ్చి తినిపించేది, రుద్రాణి తినేది. అప్పుడు కౌముది చేతులకు భుజాల దాకా సెన్సర్ల గ్లోవ్స్ ఉండేవి. ఆ కదలికల్నే కొలిచి పిన్నికి తినిపించే చేయి నేర్పింది. నేర్పడం పూర్తయింది, గ్లోవ్స్ తీసేసింది, మర్నాటి నుంచి పిన్ని పెట్టింది. ఆ మర్నాటి నుంచే రుద్రాణి నోరు కట్టేసుకుంది. ఒకసారి కౌముదే పూనుకుని పెట్టినా తెరవలేదు. దాంతో బతుకు మీద విరక్తి పుట్టిందేమోనని అందరూ అనుకున్నారు, ఒక్క కౌముది తప్ప. తప్పు యంత్రంలో ఉంది, దిద్దేస్తాను, అంతే. రోజూ వచ్చేది, తలుపు పక్కన ట్యాబ్ పట్టుకుని నిలబడి ఏవో అంకెలు మార్చేది, పోయేది. అక్క తినడం మొదలుపెడితే తను పిన్నుల కోసం విశాఖలో పెట్టబోయే పెద్ద కేంద్రానికి వెళ్లాలి. అక్కడ ఇల్లు కూడా చూసుకుంది, అక్కకింకా చెప్పలేదు.

పెళ్లి నుంచి తిన్నగా ఆసుపత్రికి వచ్చి, వరండాలోనే కౌముది కారణం పట్టేసింది. కనీసం అలా అనుకుంది.

"బెన్హర్, దీనికి వడ్డన బుద్ధి పోలేదయ్యా! అక్క నిజంగా వద్దంటుంటే, మేనమామగారి బూరె లెక్కన మొహమాటం అనుకుని చెంచా తోస్తోంది. మనం పెళ్లిళ్లలో నేర్పిన పాపం ఇది. బలవంతం పాలు తగ్గించెయ్యి."

"ఆయ్, తగ్గించేస్తానండి" అని బెన్హర్ అక్కడే గోడకానుకుని పని కానిచ్చాడు.

గదిలో పిన్ని గిన్నె మూత తీసింది. మెత్తటి అన్నంలో మెత్తగా రుబ్బిన రొయ్యల ఇగురు. వాసనకి బెన్హర్ నోట్లోనే నీళ్లూరాయి. చెంచా ఈసారి మర్యాదగా బయల్దేరి, దారిలో ఆగి, అనుమతి అడుగుతున్నట్టు నిలబడింది. రుద్రాణి చూసింది. పెదవులు బిగించింది. చెంచా వెనక్కెళ్లింది. మళ్లీ వచ్చింది, మళ్లీ అదే తంతు. కౌముది పళ్లు నూరుకుంది.

"పిన్నీ, ఏం చూశావు?"

"రుద్రాణిగారికి ఆకలిగా ఉంది" అంది పిన్ని. దాని గొంతు నిదానంగా ఉంటుంది, అందులో కోపమూ ఉండదు, జాలీ ఉండదు. "మూత తీయగానే గొంతు కదిలింది. చూపు గిన్నె మీదికి వెళ్లింది. తినాలనే ఉంది."

"మరి తినదేం?"

"చెంచా బయలుదేరాక పెదవులు బిగించారు. తిండిని చూసి కాదు. చేతిని చూసి."

కౌముది బెన్హర్ మొహం చూసింది. ఇన్ని నెలలూ వాళ్లిద్దరూ పిన్ని చూపును సరిచేశారు, లెక్కల్ని సరిచేశారు, ఓపికను సరిచేశారు. చేతి జోలికి పోలేదు. చేయి బాగానే ఉందనుకున్నారు, నేర్పింది కౌముదే కదా!

"అయితే రేపు చేతిని పరీక్షిద్దాం" అంది కౌముది.

"దాని చేతిలో ఏముంటాయండీ, మోటార్లు తప్ప?"

"అదే చూద్దాం. దేన్నీ వదలను."

మర్నాడు ల్యాబ్‌లో ఆ పరీక్ష జరిగింది. అది పాత పరీక్షే. కదిలే మనిషిని తెర మీంచి పూర్తిగా చెరిపేసి, కీళ్లున్నచోట వెలుగు చుక్కలు మాత్రం మిగిలిస్తారు. భుజం ఒక చుక్క, మోచేయి ఒక చుక్క, మణికట్టు, వేళ్ల కొసలు. మొహం లేదు, చర్మం లేదు, చీకట్లో నాలుగు చుక్కలంతే. అయినా చూసేవాడి మెదడు ఆ చుక్కల్లో మనిషిని పట్టేస్తుంది, ఆ మనిషి బరువెత్తుతున్నాడా, బిడ్డనెత్తుకుంటున్నాడా అనేదీ చెప్పేస్తుంది. కౌముది ఆసుపత్రి గదిలో పిన్ని చేయి చేసిన పనిని చుక్కలుగా మార్చింది. ఎవరిదో చెప్పకుండా పిన్ని కెమెరాల ముందు నడిపించింది.

"ఇది ఏం చేస్తోంది?"

"ఒకరికి తినిపిస్తున్నారు."

"ఉద్దేశం?"

"వెళ్లిపోవాలని."

"తినిపించేవాళ్ల ఉద్దేశం తినిపించాలని కదా ఉండాలి?" అన్నాడు బెన్హర్, వేళాకోళంగా.

"చెంచా నోటికి చేరకముందే మణికట్టు వెనక్కి మళ్లడానికి సిద్ధమవుతోంది" అంది పిన్ని. "మోచేయి ఒంటికి దగ్గరగా లాక్కుంటున్నారు. ముద్దకూ ముద్దకూ మధ్య నమలడానికి చాలినంత వ్యవధి ఇవ్వడం లేదు. భుజం పక్కకు తిరిగి ఉంది, తలుపు అటువైపు ఉండి ఉండవచ్చు. ఈ మనిషికి పని త్వరగా అయిపోవాలి."

"మనిషేంటే నీ మొహం! ఆ చేయి నీదే" అంది కౌముది నవ్వుతూ.

పిన్ని మరోసారి చుక్కలు చూసింది. "నా చేతికి సొంత ఉద్దేశం లేదు. ఇది నాకు నేర్పినవారి కదలిక. నా దగ్గరున్న వాటితో పోల్చి చూశాను. కౌముదిగారిది."

కౌముది నవ్వు ఆగిపోయింది. "ఏడిశావులే" అంది ముందు. ఆ వెంటనే గొంతు పెంచింది. "మిగతా ఆసుపత్రుల్లో అందరూ ఇదే చేత్తో తింటున్నారు కదా! వాళ్లెవరికీ కనబడని వంక మా అక్కకొక్కదానికే కనబడిందా?"

"కనబడలేదని నేను చెప్పలేను. వాళ్లకు ఇలాంటి చేయి కొత్త కాదు."

బెన్హర్ కిటికీ వైపు తిరిగాడు.

కౌముదికి చెప్పలేనంత సిగ్గేసింది. ఆ రోజులు కళ్లముందుకొచ్చాయి. ఒక చెవిలో మీటింగు నడుస్తుండేది, చేయి ముద్ద పెడుతుండేది, కళ్లు గోడ గడియారం మీద ఉండేవి. అక్క మొహం వైపు చూడకుండా తినిపించడం కూడా నేర్చేసుకుంది. సింహంలా తిరిగిన మనిషి గడ్డం మీంచి చారు కారుతుంటే చూడలేక తొందరపడింది తప్ప, ప్రేమ లేక కాదు. కానీ ఆ సంగతి మణికట్టులో ఎక్కడా లేదు. మణికట్టులో ఉన్నదల్లా తొందరే. ఆ తొందరను మిల్లీమీటర్లలో కొలిచి, ఊరూరా ఆసుపత్రులకు పంచిపెట్టింది.

బెన్హరే మాట కలిపాడు. "ఊరుకోండి మేడమ్. ఓ ఉపాయం ఉందండి. మా ఊళ్లో పిల్లలకి అన్నాలు తినిపించే తల్లులవి బోలెడు కదలికలు తీశాం కదండీ, అప్పట్లో. అవన్నీ కలిపి ఓ సగటు చేయి తయారు చేసేద్దామండి. అమ్మచేయి! అక్కగారు ఇట్టే తినేస్తారు."

అంటే లేని ప్రేమను ఉన్నట్టు చూపించడం. కౌముదికి ఆ ముక్క తెలియక కాదు. కానీ రేపు పొద్దున్నే ఆపరేషన్.

"చేసెయ్యి" అంది.

శుక్రవారం పొద్దున గదిలో డాక్టర్ నజీమా కూడా ఉంది, తింటే ఆపరేషనే మానేద్దామని ఈ చివరి ప్రయత్నానికి ఒప్పుకుంది. పిన్ని కొత్త చేత్తో ముద్ద అందుకుంది. ఆ చేయి ఎంత బాగా వచ్చిందనీ! వంగింది, చెంచా అంచు పెదవికి ఆనీ ఆనకుండా నిలిచింది, తొందరేం లేదన్నట్టు కాస్త పక్కకు ఒరిగింది. డాక్టరు మొహంలో కూడా ఆశ పుట్టింది. రుద్రాణి ఆ చేతిని పైనుంచి కిందికి చూసింది. ఆమె కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. జీవితమంతా దొంగ అడుగులు వేసేవాళ్ల మధ్య ఆడిన మనిషి ఆమె. తర్వాత ఆ చూపు చెంచాను వదిలేసి, తలుపు దగ్గర ట్యాబ్ పట్టుకుని నిలబడ్డ చెల్లెలి మీదికి వెళ్లింది. పెదవులు బిగుసుకున్నాయి.

డాక్టరు నిట్టూర్చింది. "థియేటర్ సిద్ధం చేయమంటానండి. గంటలో తీసుకెళ్తాం. మీరు చేయాల్సిందంతా చేశారు కౌముదిగారూ."

"గంట ఉంది కదా, ఉండనివ్వండి."

డాక్టరు వెళ్లిపోయింది. కౌముది పిన్ని ముందుకొచ్చి నిలబడింది. "నా చేతి గురించి చెప్పావు సరే. అక్క సంగతి చెప్పు. ఆవిడ ఉద్దేశం ఏంటి?"

"ఇన్నాళ్లూ నన్ను చెంచా చుట్టూ మాత్రమే చూడమన్నారు."

"ఇప్పుడు గది మొత్తం చూడు. పాత రికార్డింగులు కూడా చూసుకో. నాకు జవాబు కావాలి."

పిన్ని పాత రికార్డింగులన్నీ తిరగేసింది. కుడిచేయి గాల్లోకి లేచి ఏదో పట్టుకున్నట్టు వేళ్లు ముడిచింది, మళ్లీ దించేసింది. లోపల ఆడాల్సిన ఆట కొంచెం బయటికి వచ్చింది.

"రుద్రాణిగారు పెదవులు బిగించేటప్పుడు చెంచాను చూడటం లేదు, మిమ్మల్ని చూస్తున్నారు. మీరు తలుపు వైపు తిరిగిన ప్రతిసారీ కుడిచేతి వేళ్లు దుప్పటిని పట్టుకుంటున్నాయి. మీరు ట్యాబ్ తెరిచి పనిలో పడితే వదులుతున్నాయి. తినకూడదని ఆమె ఉద్దేశం కాదు. ఆపాలని."

"దేన్ని? చెంచానా?"

"మిమ్మల్ని."

కౌముది చేతిలోని ట్యాబ్‌ను మంచం మీద పెట్టేసింది. తిన్నంతకాలం అక్క చూసింది ఆ చేయే. పని అయితే పోదామనుకునే చేయి. ఆ పని పూర్తయిన మర్నాడే చెల్లెలు రాదని ఆ చేయి రోజూ చెప్పింది. తినకపోతే వస్తుంది. కోపంగానో, పంతంగానో, యంత్రాన్ని తిట్టుకుంటూనో వస్తుంది. రుద్రాణి దగ్గర చెల్లెల్ని ఆపడానికి కాళ్లు లేవు, చేతులు లేవు, మాట లేదు. మిగిలింది నోరు ఒక్కటే, దాన్ని మూసింది. ఉండిపోవే అని రెప్పలతో ఎలాగోలా అడగొచ్చు కదా అంటే, రుద్రాణి అడిగే మనిషా!

"అక్కా" అంది కౌముది. మంచం దగ్గరికి జరిగింది. మళ్లీ అంది. "అక్కా, ఇది చెప్పేది నిజమేనా?"

రుద్రాణి కళ్లు గట్టిగా మూసుకుంది, ఎప్పటిలాగే. మూసిన రెప్పల కిందనుంచి నీళ్లు చెవుల వైపు జారాయి. చాలాసేపటికి కళ్లు తెరిచి చెల్లెల్ని చూసి, రెప్ప ఒకేసారి వాల్చింది.

కౌముదికి ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "ఒసేయ్ మొండిదానా! నన్ను ఆపడానికి చచ్చిపోవాలటే? కడుపులో పేగులు అరుస్తుంటే ఇన్ని నెలలు నోరు కట్టుకు కూచుంటావా!" అని నెత్తి కొట్టుకుంది. అలా తిడుతూనే వెళ్లి చేతులు కడుక్కొచ్చింది. బెన్హర్‌ను బయటికి పంపేసింది. పిన్ని చేతిలోని గిన్నె లాక్కుంది, చెంచా పక్కన పడేసింది, స్టూలు మంచానికి ఆనించి కూర్చుంది, వేళ్లతో అన్నం కలిపింది.

ముద్ద నోటి దాకా వెళ్లింది. పెదవులు తెరుచుకోలేదు.

"పిన్నీ, నా చేయి చూసి చెప్పు. దాచకుండా చెప్పు, అక్క కూడా వింటుంది."

"నిన్న చూసిన చుక్కలకన్నా నెమ్మదిగా ఉంది. మణికట్టు ఇంకా ముందే మళ్లుతోంది. ఎడమ మడమ నేల మీంచి లేచి ఉంది, లేవబోయేవారి మడమలా. మీకు వెళ్లిపోవాలనే ఉంది."

ఇంకొకరైతే ఆ యంత్రాన్ని కిటికీలోంచి పారేసేవాళ్లు. కౌముది ముద్దను మాత్రం దించలేదు.

"విన్నావుగా అక్కా. నిజమే. నాకిక్కడ కూచోవాలంటే భయం. నిన్నిలా చూడటం నావల్ల కాదు, విసుగు కూడా వస్తుంది, అబద్ధమెందుకు? ఇంత చదువూ చదివి, ఇంత యంత్రమూ చేసి, చివరికి చేసిందేంటంటే ఈ స్టూలు మీంచి తప్పించుకోవడానికి దారి. విశాఖలో ఇల్లు కూడా చూసుకున్నాను, నీకు చెప్పలేదు. అయితే ఏంటి? పోవాలని ఉన్నా పోను. ఇల్లు వద్దని చెప్పేస్తాను. ఆ కేంద్రాన్ని ఇక్కణ్నుంచే నడిపిస్తాను, ఒప్పుకోకపోతే మానేస్తాను. నువ్వు తిన్నా వస్తాను, తినకపోయినా వస్తాను. రేపూ వస్తాను, తిట్టుకుంటూనే వస్తాను. ఇంక నువ్వు నోరు మూసుకుని నన్ను పట్టుకోనక్కర్లేదే. నేనే ఉంటాను."

రుద్రాణి చెల్లెలి మొహం చూసింది. భుజం చూసింది, మణికట్టు చూసింది, తను వంగి చూడలేని చెల్లెలి కాళ్ల వైపు కూడా కళ్లు తిప్పింది. ఆ చూపు ముందు కౌముదికి ఆటస్థలంలో నిలబడ్డట్టుంది. చేయి నొప్పెడుతోంది, ముద్దలోంచి ఇగురు మణికట్టు మీదికి కారుతోంది. అయినా దించలేదు.

రుద్రాణి పొట్ట చిన్నగా అదిరింది. ఇంకోసారి అదిరింది. ఏమైందోనని కౌముది కంగారుపడబోయి, అది నవ్వు అని పోల్చుకుంది. పడిపోయాక అక్క నవ్వడం అదే మొదలు.

నోరు తెరుచుకుంది.

మొదటి ముద్దలో సగం గడ్డం మీదే పడింది. మిగతా సగం నమలడానికి రుద్రాణి బోలెడంత సేపు తీసుకుంది, కావాలనే తీసుకుందేమో కూడా. కౌముది ఎదురుచూసింది. గొంతు కదిలి ముద్ద దిగింది. గడ్డం తుడిచి రెండో ముద్ద పెట్టింది.

"నా అంచనా తప్పింది" అంది పిన్ని పక్కనుంచి. "మీ కదలిక ప్రకారం మీరీపాటికి వెళ్లిపోయి ఉండాలి. వెళ్లాలనే ఉద్దేశం ఇప్పటికీ కనిపిస్తోంది. మీరు వెళ్లడం లేదు. ఈ రెండూ నాకు కలవడం లేదు."

"నీ అంచనా బాగానే ఉందిలే. కలవకపోయినా కూచుంటాం మేము, అది నీకింకా నేర్పలేదు."

"ఎలా నేర్పుతారు?"

కౌముది ఆలోచించింది. ఊరూరా ఆసుపత్రుల్లో తన చేయి తినిపిస్తోంది. రేపు ఆ చేతులన్నింటినీ ఆపించాలి, మంచాల పక్కన మనుషుల్ని కూర్చోబెట్టమని అందరితో దెబ్బలాడాలి, తన తప్పు తనే పైకి చెప్పాలి. జనం నవ్వుతారు, నవ్వనీ. "తెలియదు" అంది. "ముందు ఇది కానీ."

తలుపు తోసుకుని డాక్టర్ నజీమా వచ్చింది, వెనక స్ట్రెచర్ తోసుకుంటూ ఇద్దరు. "టైమైందండి" అనబోయి, రుద్రాణి దవడ కదలడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కాస్త ఆగండి డాక్టరుగారూ, తింటోంది" అంది కౌముది వెనక్కి తిరక్కుండానే.

స్టూలు ఎత్తు సరిపోక ఆమెకు నడుము పీకుతోంది, ఎడంకాలు తిమ్మిరెక్కిపోయింది. చెవిలో ఫోను ఒకటే మోగుతోంది. గిన్నెలో ఇంకా సగం పైనే ఉంది, అక్కేమో నిదానంగా నములుతోంది. కౌముది తిమ్మిరి కాలును చేత్తో పట్టుకుని కిందికి మడుచుకుని, స్టూలు మీద సర్దుకుని కూర్చుని, తర్వాతి ముద్ద కలిపింది.